వీణ తీగ చెప్పే పాఠం: లక్ష్యం, ఆరోగ్యం, సమ్యక్ వ్యాయామం



ఏప్రిల్ నెల వస్తే కొన్ని హాస్టళ్లలో, అంబేద్కర్ భవనాల్లో 18 గంటలు ఆపకుండా చదివే కార్యక్రమం పెడతారు. బాబాసాహెబ్‌కు పూలదండ కంటే పుస్తకమే గొప్ప నివాళి అన్న ఆలోచన మంచిదే. ఏడాదికి ఒక రోజు అలా చదవడంలో తప్పేమీ లేదు. అయితే ఆ ఒక్క రోజు నివాళిని కొందరు తల్లిదండ్రులు, కొందరు మాస్టార్లు ఏడాది పొడవునా పిల్లల మీద పెట్టే లెక్కగా మార్చేస్తున్నారు. "బాబాసాహెబ్ 18 గంటలు చదివారు, నువ్వు పది గంటలకే నిద్రపోతావేంట్రా?" అంటారు.

ఆ మాట విన్న పిల్లవాడు ఏం చేస్తాడు? నిద్ర మానేస్తాడు, టిఫిన్ మానేస్తాడు, టీ మీద టీ తాగుతాడు. గ్రూప్స్‌కో డీఎస్సీకో కోచింగ్ అంటూ హైదరాబాద్ వెళ్లిన మన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇరుకు గదుల్లో ఇలాగే ఏళ్లు గడుపుతున్నారు. నోటిఫికేషన్ వాయిదా పడితే ఒళ్లు కూలిపోతుంది. ఫలితం రాకపోతే మనసు కూలిపోతుంది. ఇంటికి మొహం చూపించలేక ఆగిపోయినవాళ్లు కూడా ఉన్నారు. మొదటి తరంలో చదువుకున్న ఒక్క బిడ్డ ఇలా ఆగిపోతే నష్టం ఆ బిడ్డ దగ్గరే ఆగదు. ఇంటిల్లిపాదీ వెనక్కి పడుతుంది.

అందుకే ఈ పాఠం. గొప్ప పని చేయాలంటే ఒంటినీ మనసునూ నలిపేసుకోవాలా? ధమ్మం ఏం చెబుతుంది? బాబాసాహెబ్ జీవితాన్ని మనం సరిగ్గా చదువుతున్నామా?

సోణుడి కథ

రాజగృహ నగరం దగ్గర శీతవనం అనే చోటు ఉండేది. బాబాసాహెబ్ ముంబై దాదర్‌లో కట్టుకున్న ఇంటికి పెట్టుకున్న పేరు కూడా రాజగృహే. ఆ శీతవనంలో సోణుడు అనే కొత్త భిక్షువు సాధన చేసేవాడు. చంపా నగరంలో కలవారి ఇంట పుట్టినవాడు. అతని పాదాలు చాలా సుకుమారమైనవి. భిక్షువయ్యాక ఎలాగైనా త్వరగా ఫలితం సాధించాలని పట్టుబట్టాడు. అటూ ఇటూ నడుస్తూ చేసే ధ్యానాన్ని పాదాలు పగిలి రక్తం కారేదాకా చేశాడు. నేలంతా రక్తపు మరకలు. మనసు మాత్రం కుదరలేదు.

అప్పుడు సోణుడికి ఏమనిపించింది? ఇంత కష్టపడినా నాకు ఫలితం రాలేదు, ఇంట్లో ఆస్తి ఉంది, తిరిగి వెళ్లిపోయి దానధర్మాలు చేసుకుంటూ బతికితే పోలేదా అనిపించింది. ఇది బాగా గమనించండి. అతిగా కష్టపడినవాడికే అన్నీ వదిలేయాలన్న ఆలోచన వచ్చింది. బద్ధకస్తుడికి రాలేదు. మన పిల్లల్లోనూ అంతే. పుస్తకాలు అటక మీద పడేసి "నావల్ల కాదమ్మా" అనేవాళ్లలో చాలామంది అంతకుముందు రాత్రింబవళ్లు కూర్చున్నవాళ్లే.

బుద్ధుడు సోణుడి దగ్గరికి వెళ్లాడు. తిట్టలేదు, ఇంకా కష్టపడమనీ అనలేదు. ఇంట్లో ఉన్నప్పుడు వీణ బాగా వాయించేవాడివి కదా అని అడిగాడు. అవునన్నాడు సోణుడు. తీగ మరీ బిగిస్తే వీణ పలుకుతుందా? పలకదు. మరీ వదులైతే? అప్పుడూ పలకదు. సరైన శ్రుతిలో ఉంటేనే పలుకుతుంది. ప్రయత్నం కూడా అంతే అన్నాడు బుద్ధుడు. మరీ బిగిస్తే మనసు చెదిరిపోతుంది, మరీ వదిలేస్తే బద్ధకం వస్తుంది. కాబట్టి సమంగా ప్రయత్నించమన్నాడు. సోణుడు తన సాధనను అలా శ్రుతి చేసుకున్నాడు. కొంతకాలానికి అర్హతుడయ్యాడు.

మన పల్లెల్లో పెద్దవాళ్లు "తెగేదాకా లాగొద్దు" అంటారు కదా, ఇదే ఆ మాట. ఒక్క సంగతి మాత్రం మరచిపోవద్దు. బుద్ధుడు తీగను విప్పి పక్కన పెట్టమనలేదు. వీణ వాయించాలి, పాట పలకాలి. శ్రుతి చేయడం అందుకోసమే. విశ్రాంతి పేరు చెప్పి పని ఎగ్గొట్టేవాడికి కూడా ఈ కథలో చోటు లేదు. అష్టాంగ మార్గంలో సమ్యక్ వ్యాయామం అంటే ఈ శ్రుతిలో చేసే కృషి.

బోధికి ముందు భోజనం

సోణుడికి చెప్పిన మాట బుద్ధుడు తన ఒంటి మీద పరీక్షించి తెలుసుకున్నదే. సిద్ధార్థ గౌతముడు ఆరేళ్లు కఠోర తపస్సు చేశాడు. తిండి తగ్గించుకుంటూ పోయి ఎముకల గూడు అయ్యాడు. ఒంటిని హింసిస్తే జ్ఞానం వస్తుందని ఆ కాలంలో చాలామంది నమ్మేవారు. గౌతముడు ఆ నమ్మకాన్ని చివరిదాకా పరీక్షించి, అది తప్పని తేల్చుకున్నాడు. సుజాత ఇచ్చిన పాయసం తీసుకున్నాడు. తోటి తపస్సు చేసిన ఐదుగురూ ఇతను సుఖాలకు లొంగిపోయాడని వదిలి వెళ్లిపోయారు. ఆయన పట్టించుకోలేదు.

'బుద్ధుడు - ఆయన ధమ్మం' గ్రంథంలో బాబాసాహెబ్ ఇక్కడ ఒక ముఖ్యమైన వివరం రాశారు. బోధి కోసం ధ్యానానికి కూర్చునే ముందు గౌతముడు నలభై రోజులకు సరిపడా ఆహారం సమకూర్చుకున్నాడట. ధ్యానం నాలుగు వారాలు సాగింది. అంటే ప్రపంచంలోకెల్లా గొప్ప మానసిక కృషికి ముందు జరిగిన ఏర్పాటు భోజనం ఏర్పాటు. మహిమ కోసం ఆయన ఎదురు చూడలేదు. ఒళ్లు నిలబడితేనే మనసు నిలబడుతుందని తెలిసి, దానికి కావాల్సింది ముందే చూసుకున్నాడు.

ఇంకో కథ. ఆళవి అనే ఊళ్లో ఒక పేద రైతు బుద్ధుడి బోధ వినాలనుకున్నాడు. అదే రోజు అతని ఎద్దు తప్పిపోయింది. పొద్దున్నుంచీ వెతికి, దొరికాక, ఆకలితో నకనకలాడుతూ వచ్చాడు. బుద్ధుడు ముందు అతనికి అన్నం పెట్టించాడు. అతను తిని కుదుటపడ్డాకే ధమ్మం చెప్పాడు. ఆకలి కడుపుకు పాఠం ఎక్కదని ఆయనకు తెలుసు. పొద్దున ఏమీ తినకుండా కాలేజీకి వెళ్లే మన పిల్లలను చూసినప్పుడు ఈ కథ గుర్తు చేసుకోవాలి.

దీనికి రెండో వైపు కూడా ఉంది. కోసల రాజు ప్రసేనజిత్తు అతిగా తిని ఆయాసపడుతూ బుద్ధుడి దగ్గరికి వచ్చేవాడు. మితంగా తినేవాడికి బాధ తక్కువని బుద్ధుడు చెప్పాడు. రాజు ఆ మాటను భోజనం చేసేటప్పుడల్లా తనకు గుర్తు చేయమని ఒక యువకుణ్ని నియమించుకున్నాడు. క్రమంగా తిండి తగ్గించాడు, ఒళ్లు తేలికపడింది. సంకల్పం ఒక్కటే చాలదు, గుర్తు చేసే మనిషో అలవాటో పక్కన ఉండాలని ఈ కథ నేర్పుతుంది.

లక్ష్యానికి నాలుగు కాళ్లు

ఒళ్లు బాగుంటే పని దానంతట అదే అయిపోతుందా? కాదు. పనికి లక్ష్యం కావాలి. బుద్ధుడి బోధలో ఇద్ధిపాదాలు అని నాలుగు ఉన్నాయి. సిద్ధికి ఆధారాలని ఆ మాటకు అర్థం. దీన్ని కొందరు మాయలు, మహిమలు అనుకుంటారు. మనకు ఆ గొడవ వద్దు. ఏ పనైనా సాధించడానికి ఈ నాలుగూ కావాలి.

మొదటిది ఛందం. అంటే ఈ పని చేయాలన్న నిజమైన ఇష్టం. పక్కింటివాళ్ల అబ్బాయికి ఉద్యోగం వచ్చిందని మొదలుపెట్టిన చదువుకు ఛందం ఉండదు. "నేనెందుకు చదువుతున్నాను?" అన్న ప్రశ్నకు ఒక్క వాక్యంలో జవాబు ఉండాలి. నర్సు అవుతాను, మా ఊళ్లో కాన్పుల కోసం ఎవరూ ఇబ్బంది పడకూడదు అని ఒక చెల్లి అనుకుంటే అది ఛందం.

రెండోది విరియం, అంటే కృషి. ఇష్టం ఉండి కూర్చోకపోతే అది కోరికగానే మిగిలిపోతుంది. రోజూ చేసే కొంచెం, ఒక్కరోజు చేసే బోలెడంత కంటే మేలు.

మూడోది చిత్తం, మనసు పెట్టడం. నాలుగు గంటలు పుస్తకం ముందు కూర్చుని రెండు గంటలు ఫోన్ చూస్తే, మిగిలిన రెండు గంటలు కూడా సగం పోయినట్టే. గంటల లెక్క గోడ గడియారం చెబుతుంది. మనసు పెట్టిన లెక్క మనకే తెలుసు.

నాలుగోది వీమంస, అంటే పరిశీలన. చేస్తున్నది పని చేస్తోందా లేదా అని చూసుకోవడం. మూడుసార్లు ఒకే పద్ధతిలో చదివి మూడుసార్లు తప్పిన తమ్ముడు నాలుగోసారీ అదే పద్ధతిలో చదివితే విరియం ఉన్నట్టే, వీమంస లేనట్టు. పాత ప్రశ్నపత్రాలు రాసి చూడాలి, ఎక్కడ మార్కులు పోతున్నాయో పట్టుకోవాలి, తెలిసినవాళ్లను అడగాలి. పరీక్ష తప్పితే తలరాత అనుకోవడం మన మాట కాదు. హాల్‌టికెట్‌ను దేవుడి పటం ముందు పెట్టడం, తాయెత్తు కట్టుకోవడం మనం వదిలేసిన దారి. 22 ప్రతిజ్ఞలు తీసుకున్నవాళ్లం కారణం వెతుకుతాం, కారణాన్ని సరిచేస్తాం.

ఈ నాలుగింటినీ చెప్పిన చోటే బుద్ధుడు ఒక హెచ్చరిక కూడా చేశాడు. ఏదీ మరీ వదులుగా ఉండకూడదు, మరీ బిగుసుకుపోకూడదు, లోపలికి కుంచించుకుపోకూడదు, బయటికి చెదిరిపోకూడదు. మళ్లీ అదే వీణ తీగ.

బాబాసాహెబ్ జీవితాన్ని ఎలా చదవాలి?

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. బాబాసాహెబ్ ఆకలితో, నిద్ర లేకుండా చదివారు కదా? చదివారు. కానీ ఎందుకు? బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో 1913లో న్యూయార్క్ కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. గడువు ముందే లెక్కగట్టి ఉంది. లండన్‌లో చదువు మధ్యలో ఉండగానే గడువు అయిపోయి 1917లో తిరిగి రావాల్సి వచ్చింది. ఉద్యోగం చేసి, డబ్బు కూడబెట్టి 1920లో మళ్లీ వెళ్లారు. చేతిలో డబ్బు తక్కువ, కాలం తక్కువ. ఇంటి దగ్గర రమాబాయి అమ్మ లేమిలో సంసారం ఈదుతున్నారు. అందుకే సగం ఆకలితో లైబ్రరీలో కూర్చున్నారు. 1923లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ నుంచి డీఎస్సీ పొందారు.

ఆ ఆకలి ఆయన ఎంచుకున్నది కాదు. కుల సమాజం ఆయన మీద మోపినది. ఆకలి వల్ల ఆయన గొప్పవారు కాలేదు, ఆకలిని తట్టుకుని గొప్పవారయ్యారు. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. మన పిల్లలు అలా ఆకలితో చదవకూడదనే కదా ఆయన హాస్టళ్ల కోసం, స్కాలర్‌షిప్‌ల కోసం జీవితమంతా కొట్లాడింది!

ఆయన నుంచి మనం నేర్చుకోవాల్సింది లక్ష్యం మీది చూపు. రాజ్యాంగ ముసాయిదా కమిటీ 1947 ఆగస్టు 29న ఏర్పడింది, ఏడుగురు సభ్యులు. ఒకరు రాజీనామా చేశారు, ఒకరు చనిపోయారు, ఒకరు అమెరికాలో ఉన్నారు, మరికొందరు వేరే పనుల్లోనో ఢిల్లీకి దూరంగానో ఉన్నారు, భారమంతా అంబేద్కర్ మీద పడిందని 1948 నవంబరులో టి.టి. కృష్ణమాచారి రాజ్యాంగ సభలోనే చెప్పారు. ఆ కాలమంతా బాబాసాహెబ్ మధుమేహంతో, కాళ్ల నొప్పులతో, నిద్రలేమితో బాధపడుతున్నారు. 1948 ఏప్రిల్ 15న డాక్టర్ శారదా కబీర్‌ను పెళ్లి చేసుకున్నారు. ఆమే మాయీసాహెబ్ సవితా అంబేద్కర్. అప్పటి నుంచీ ఆయన మందులు, భోజనం ఆమె చూసుకున్నారు.

'బుద్ధుడు - ఆయన ధమ్మం' కోసం రాసుకున్న ముందుమాటలో బాబాసాహెబ్ తన జబ్బు గురించి దాచుకోకుండా చెప్పారు. ఒక దశలో తన ప్రాణం ఆరిపోయే దీపంలా ఉందని, దాన్ని మళ్లీ వెలిగించింది తన భార్య, డాక్టర్ మాల్వంకర్‌ల వైద్య నైపుణ్యమని కృతజ్ఞతతో రాశారు. ఆలోచించండి. మన చేతుల్లో ఈ రోజు ఆ గ్రంథం ఉందంటే రచయిత మేధస్సుతో పాటు ఒక మనిషి వేళకు ఇచ్చిన మందు, పెట్టిన పథ్యం కూడా కారణం. సంరక్షణ తీసుకోవడం చిన్నతనం అని బాబాసాహెబ్ అనుకోలేదు.

ఆయన జీవితంలో పుస్తకాల ఆనందం ఉంది, పెద్ద వయసులో వయొలిన్ నేర్చుకున్న ముచ్చటా ఉంది. అవి ఆ బండచాకిరీకి ఊపిరి పోసినవి. అయినా ఏళ్ల తరబడి పడ్డ శ్రమ తన లెక్క తాను రాబట్టుకుంది. 1956 అక్టోబరు 14న నాగ్‌పూర్‌లో దీక్ష. డిసెంబరు 6న పరినిర్వాణం. మధ్యలో 53 రోజులే. 65 ఏళ్లకే ఆయన వెళ్లిపోయారు. ఇంకో పదేళ్లు ఉంటే మన ధమ్మ ఉద్యమం ఎలా ఉండేదో ఊహించుకోండి. ఆయన 18 గంటల గురించి పిల్లలకు చెప్పేటప్పుడు ఈ 53 రోజుల గురించి కూడా చెప్పాలి. అప్పుడే పాఠం పూర్తవుతుంది.

కొండెక్కినవాళ్లు చెప్పే మాట

2014 మే 25న 13 ఏళ్ల మాలావత్ పూర్ణ, ఆమెతో పాటు సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్ట్ శిఖరం ఎక్కారు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులే. భువనగిరి గుట్ట మీద మొదలైన శిక్షణ డార్జిలింగ్, లడఖ్ దాకా సాగింది.

ఎత్తయిన పర్వతం ఎక్కేవాళ్లు ఎలా ఎక్కుతారో తెలుసా? నేరుగా పైకి పోరు. కొంత ఎత్తు ఎక్కి, మళ్లీ కిందికి దిగి పడుకుంటారు. తర్వాత ఇంకొంచెం ఎక్కుతారు, మళ్లీ దిగుతారు. పైన గాలిలో ప్రాణవాయువు అందేది తక్కువ. దానికి ఒళ్లు అలవాటు పడటానికి వారాలు పడుతుంది. తొందరపడి ఒకేసారి ఎక్కితే మెదడులో, ఊపిరితిత్తుల్లో నీరు చేరి ప్రాణం మీదికి వస్తుంది. అక్కడ దిగి రావడం, ఆగడం కూడా ఎక్కడంలో భాగమే. చదువులోనూ అంతే. పగలు చదివింది మెదడులో కుదురుకునేది రాత్రి నిద్రలోనే. నిద్ర మాని చదివితే ఓటికుండలో నీళ్లు పోసినట్టే.

మనసును చెదరగొట్టే ఐదు

లక్ష్యం మీద చూపు నిలవకుండా అడ్డుపడేవాటిని బుద్ధుడు ఐదు నీవరణాలుగా చెప్పాడు. ఇంద్రియ సుఖాల మీద ఆశ, ద్వేషం, మగత, ఆందోళనతో కూడిన పశ్చాత్తాపం, సందేహం. ఈ కాలం మాటల్లో చెప్పుకుంటే: ఫోన్‌లో వీడియో తర్వాత వీడియో చూడటం ఆశ. "వాడు నన్ను అలా అన్నాడు" అని రోజంతా ఉడికిపోవడం ద్వేషం. తిన్నాక పుస్తకం మీద కునుకు మగత. రేపేమవుతుందో, నిన్న ఎందుకలా చేశానో అని నలగడం ఆందోళన. "మనలాంటివాళ్లకు వస్తుందా?" అన్నది సందేహం.

ఈ చివరిది మనకు ఎక్కువ. అది మన సొంత ఆలోచన కాదు, వేల ఏళ్లుగా మన చెవుల్లో ఊదినది. అది వచ్చినప్పుడు దాంతో వాదించక్కర్లేదు. "ఇది సందేహం, వచ్చింది" అని పేరు పెట్టి, ఊపిరి మీదికి, తర్వాత పుస్తకం మీదికి మనసును తిప్పుకోవాలి. పుట్టని చెడును రానీయకపోవడం, వచ్చిన చెడును వదిలించుకోవడం, లేని మంచిని తెచ్చుకోవడం, ఉన్న మంచిని నిలుపుకోవడం. సమ్యక్ వ్యాయామంలోని నాలుగు పనులూ ఇవే.

ఒంటరి బాగోగులు కావు

ఇక్కడ ఒక జాగ్రత్త. "నీ మనసును నువ్వే బాగు చేసుకో" అని చెప్పి ఊరుకుంటే అది ధమ్మం కాదు. హాస్టల్‌లో పురుగుల అన్నం పెడితే దానికి మందు ధ్యానం కాదు, పిల్లలూ తల్లిదండ్రులూ కలిసి వార్డెన్‌ను నిలదీయడం. తరగతిలో కులం పేరుతో అవమానిస్తే ఓర్చుకోమని చెప్పకూడదు. 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం ఉంది, ఫిర్యాదు చేయాలి, మనం పక్కన నిలబడాలి. మనసు కుదురుగా ఉంటే ఆ పోరాటం ఇంకా గట్టిగా చేయగలం. అందుకే సంఘం మూడు శరణాల్లో ఒకటయింది. శీతవనంలో సోణుడు ఒంటరిగా నలిగిపోతుంటే బుద్ధుడే నడిచి వెళ్లాడు, పిలిపించుకోలేదు. మనలో నలిగిపోతున్నవాళ్ల దగ్గరికి మనమే నడిచి వెళ్లాలి.

రోజూ చేయాల్సినవి

1. పొద్దున్నే పది నిమిషాలు ఆనాపాన. ఊపిరి వస్తోంది, పోతోంది అని గమనించడం. మనసు పారిపోతే కోపం తెచ్చుకోకుండా వెనక్కి తేవడం.

2. "నేను ఈ పని ఎందుకు చేస్తున్నాను?" అన్నదానికి జవాబు ఒక్క వాక్యంలో రాసి, కూర్చునే చోట గోడకు అంటించుకోవడం.

3. వేళకు భోజనం. రాగి జావ, పప్పు, గుడ్డు, ఏది అందుబాటులో ఉంటే అది. పొద్దున కడుపు ఖాళీగా పెట్టొద్దు.

4. ఏడు గంటల నిద్ర. పడుకునేటప్పుడు ఫోన్ వేరే గదిలో, గది లేకపోతే చేతికందనంత దూరంలో.

5. గంట చదివాక పది నిమిషాలు లేచి నడవడం.

6. పంచశీలలో ఐదోదాన్ని గట్టిగా పట్టుకోవడం. అలసట తీరడానికి అని మొదలైన మద్యం, గుట్కా ముందు తినేసేది ఏకాగ్రతనే.

7. ఆదివారం వీమంస. ఈ వారం ఏం చేశాను, ఏది పని చేసింది, ఏది మార్చాలి అని నోటుపుస్తకంలో నాలుగు ముక్కలు రాయడం.

8. నిద్ర పట్టకపోయినా, బతకాలని లేదన్న ఆలోచన వచ్చినా ఆ రోజే ఒక మనిషికి చెప్పడం. టెలీ మానస్ 14416 నంబరుకు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

తల్లిదండ్రులకు, విహార కమిటీలకు ఒక మాట. పిల్లల్ని "ఎన్ని గంటలు చదివావు?" అని అడిగే ముందు "తిన్నావా? నిద్రపోయావా?" అని అడగండి. తర్వాత "ఈ రోజు ఏం అర్థమైంది?" అని అడగండి. వచ్చే ఏడు ఏప్రిల్ 14న చదువు కార్యక్రమం పెడితే మధ్యలో భోజనం, ధ్యానం, నడక కూడా పెట్టండి. తర్వాతి రోజు పిల్లల్ని హాయిగా పడుకోనివ్వండి.

విహారంలో చర్చకు ప్రశ్నలు

1. సోణుడికి ఇంటికి వెళ్లిపోవాలని ఎందుకు అనిపించింది? మీకు అలా అనిపించిన పని ఏది?

2. నాలుగు ఇద్ధిపాదాల్లో ఇప్పుడు మీ పనిలో లోపించినది ఏది?

3. బాబాసాహెబ్ ఎంచుకున్న కష్టం ఏది, ఆయన మీద మోపిన కష్టం ఏది? రెండింటినీ విడదీసి చెప్పండి.

4. మన వీధిలో ఒంటరిగా నలిగిపోతున్న విద్యార్థి ఎవరైనా ఉన్నారా? ఈ వారం వాళ్ల దగ్గరికి ఎవరు వెళ్తారు?

నాలుగో ప్రశ్నకు జవాబు దొరకనిదే ఈ సమావేశం ముగించవద్దని మనవి.

జై భీమ్! నమో బుద్ధాయ!